ముందుగదికి తగిన కంప్యూటరు

ఇంటిలో ముందుగదికి ఒక ప్రత్యేకత ఉన్నది. పడకగది కొందరిది, వంటగది పనిది, పూజగది దేవునిది. ముందుగది మాత్రం అందరిదీ. వచ్చిన బంధువును కూర్చోబెట్టేదీ, పిల్లలు పాఠాలు వల్లె వేసేదీ, పెద్దలు పత్రిక చదివేదీ అక్కడనే. ఆ గదిలో ఏ వస్తువుకు అభిముఖంగా కుర్చీలు వేసి ఉన్నవో చూస్తే ఆ ఇంటివారి దినచర్య ఎట్టిదో చాలవరకు బోధపడుతుంది. ఒకప్పుడు కుర్చీలు ఒకదానికొకటి ఎదురుగా ఉండేవి. రేడియో వచ్చిన తరువాత కూడ అట్లే ఉన్నవి. రేడియో వినడానికి దానివైపు తిరుగవలసిన అవసరం లేదు కదా! టెలివిజను వచ్చిన తరువాత కుర్చీలన్నీ ఒకే గోడవైపు తిరిగినవి. ఆ గోడమీది తెర నానాటికి పెద్దదవుతున్నది. ఇప్పుడు ఆ తెర వెనుక ఒక చిన్న కంప్యూటరు కూడ చేరుతున్నది.

సినిమాలు చూడడానికి, సంగీతం వినడానికి, ఇంటి ఛాయాచిత్రాలు దాచుకోవడానికి టెలివిజనుకు తగిలించే ఈ కంప్యూటరును హోమ్ థియేటర్ కంప్యూటరు అంటున్నారు. దీనిని ఎట్లా ఎన్నుకోవాలి అన్నది కొట్టువానికీ, కొనేవానికీ మధ్య జరిగే బేరమే గదా, సాహిత్యానుబంధంలో ఈ ప్రసంగం ఎందుకు అని కొందరికి సందేహం కలుగవచ్చు. ఇంటిల్లిపాదీ కలసి ఏమి చూడాలి, ఏమి వినాలి, ఏమి చదవాలి అన్న నిర్ణయం ఎవరి చేతిలో ఉండాలి అన్నది కేవలం బేరానికి సంబంధించిన ప్రశ్న కాదు. అది సంస్కారానికి సంబంధించిన ప్రశ్న. పుస్తకాల బీరువాలో ఏ పుస్తకాలు ఉండాలో ఆలోచించేవారు ఈ పెట్టెను గురించి కూడ ఆలోచించక తప్పదు.

మన రాష్ట్రంలో టెలివిజను మొట్టమొదట వినోదసాధనంగా గాక విద్యాసాధనంగానే పల్లెలకు వచ్చింది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ఏ.టి.ఎస్.-6 అనే అమెరికా ఉపగ్రహం సాయంతో మన దేశంలో ఆరు రాష్ట్రాలలో, సుమారు 2,400 గ్రామాలలో ఉపగ్రహ బోధనా ప్రయోగం జరిగింది. ఆ రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉదయం బడిపిల్లలకు పాఠాలు, సాయంకాలం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం మున్నగు విషయాలు తెలుగులో ప్రసారమైనవి. ఊరందరికీ ఒకే పెట్టె. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ఆరంభమైంది. ఆ కాలంలో చూచేవారికి ఎన్నిక అనేది లేదు, వచ్చినది చూడవలసిందే. నేడు ఎన్నికకు అంతులేదు. కాని ఆ ఎన్నిక నిజంగా మనదేనా అన్నది వేరే ప్రశ్న. చందా కట్టిన సంస్థ ఏది ముందు పెడితే అది చూస్తున్నాము. అది తీసివేసిన మరునాడు ఆ సినిమా మనకు లేదు. ఒక విధంగా మళ్ళీ వచ్చినది చూడడమే అవుతున్నది.

కంప్యూటరును టెలివిజనుకు జతచేయాలన్న ఊహ కొత్తది కాదు. 2002లో మైక్రోసాఫ్టు సంస్థ ఇందుకోసమే విండోస్ ఎక్స్.పి.లో మీడియా సెంటర్ అనే ప్రత్యేక ముద్రణను వెలువరించింది. దూరంగా కూర్చుని రిమోటుతో నడుపుకొనడానికి వీలుగా పెద్ద అక్షరాలతో, పెద్ద బొమ్మలతో దానిని తీర్చినారు. దాదాపు అదే కాలంలో కొందరు ఔత్సాహికులు ఎవరి జీతమూ తీసుకోకుండా రెండు పనులు ఆరంభించినారు. ఒకటి లైనక్సు మీద నడిచే మిత్‌టీవీ. రెండవది ఎక్స్‌బాక్స్ అనే ఆటల యంత్రం మీద పుట్టిన ఎక్స్.బి.ఎమ్.సి. ఈ రెండవదే 2014లో కోడి అని పేరు మార్చుకొన్నది. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు మైక్రోసాఫ్టు తన మీడియా సెంటరును అందులోనుంచి తొలగించింది. దానిని నమ్ముకొని ఇంటిలో ఏర్పాట్లన్నీ చేసుకొన్నవారు దిక్కుతోచక నిలబడినారు. ఆ సంస్థ అమ్మిన ఆటల యంత్రం మీదనే పుట్టిన కోడి మాత్రం నేటికీ జీవించి ఉన్నది, ఉచితంగా లభిస్తున్నది.

ఈ చిన్న చరిత్రలో కొనేవారికి పెద్ద పాఠమున్నది. లాభం కోసం వచ్చిన వస్తువు లాభం తగ్గిన నాడు వెళ్ళిపోతుంది. ఇది వ్యాపారధర్మం, అందుకు ఎవరినీ నిందించి ప్రయోజనం లేదు. అరచేతిలో ఇమిడే ఎన్.యు.సి. కంప్యూటర్లను దశాబ్దకాలం చేసిన ఇంటెల్ సంస్థ 2023లో ఆ పని మానుకొన్నది. తరువాత ఏసూస్ సంస్థ దానిని చేపట్టింది. కనుక పెట్టె కొనేటప్పుడు అడుగవలసిన మొదటి ప్రశ్న దాని వేగాన్ని గురించినది కాదు. దీనిని చేసినవారు రేపు తప్పుకొంటే ఇది నా ఇంటిలో పనిచేస్తుందా, చేయదా అన్నదే మొదటి ప్రశ్న.

ఆ ప్రశ్నకంటె కూడ ముందు అడుగవలసినది మరొకటి ఉన్నది. అసలు ఈ పెట్టె మనకు అవసరమా? ఇక్కడ నిజాయితీగా మాట్లాడుకోవాలి. చందా సినిమాలు, ధారావాహికలు చూడడమే ఇంటివారి కోరిక అయితే కంప్యూటరు కొనడం వృథా. టెలివిజను వెనుక గుచ్చే చిన్న పుల్లవంటి సాధనం కొన్ని వేల రూపాయలకే ఆ పని చేస్తుంది. ఈనాటి టెలివిజన్లలో చాలవాటికి ఆ పుల్ల కూడ అక్కరలేదు. పైగా ఆ పనిలో కంప్యూటరుకంటె అదే మెరుగు. చందా సంస్థలు తమ చిత్రాలను దొంగిలించకుండా తాళాలు వేసి పంపుతవి. ఆ తాళాలకు సరిపడే చెవులు పుల్లలో ఇమిడ్చి ఉంటవి. లైనక్సు కంప్యూటరులో అదే చిత్రం తరచు తక్కువ స్పష్టతతోనే వస్తుంది. డబ్బు ఎక్కువ పెట్టి తక్కువ చూడడం వివేకం కాదు.

మరి కంప్యూటరు ఎవరికి కావాలి? పుల్ల చేయలేని పనులు చేయించుకోదలచినవారికి కావాలి. అట్టివారిలో ఉపాధ్యాయ కుటుంబాలు మొదటివి అని నా అభిప్రాయం.

ఆ పనులు ఎట్టివో చెప్పుకొందాము. అనేక గృహాలలో తాతగారి కంఠం, పెండ్లి వేడుకలు, హరికథలు, బుర్రకథలు క్యాసెట్లలో, వీడియో టేపులలో మూలుగుతున్నవి. వాటిని ఆడించే యంత్రాలు మూలపడినవి. అయస్కాంతపు పూత ఏటేటా రాలిపోతున్నది. వాటిని కంప్యూటరులోనికి ఎక్కించి, పేర్లు పెట్టి, సంవత్సరాలు వ్రాసి దాచుకోవడం ఒక కుటుంబం తన చరిత్రకు చేసుకోగల గొప్ప సేవ. చందా సంస్థ ఏదీ ఈ పని చేయదు. మన నాయనమ్మ పాడిన మంగళహారతి వారి జాబితాలో ఉండదు.

రెండవది చదువు. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియాను కివిక్స్ అనే ఉచిత సాధనం ద్వారా ఒకసారి దింపుకొంటే, ఇంటర్నెటు లేని వేళ కూడ చదువుకోవచ్చు. ఇంటర్నెట్ ఆర్కైవులో పాత తెలుగు పుస్తకాలు వేలకొలదిగా ఉన్నవి. వాటిని పెద్ద తెరమీద నలుగురూ కూర్చుని చదువవచ్చు. స్టెల్లేరియం అనే కార్యక్రమంలో మన ఊరి పేరు చెబితే ఈ రాత్రి మన డాబామీద కనబడే ఆకాశం యావత్తూ తెరమీద నిలుస్తుంది. కృత్తికలు ఎక్కడ ఉన్నవో చూచుకొని బయటికి వెళ్ళి తలయెత్తి సరిపోల్చుకోవచ్చు. జియోజిబ్రాలో త్రిభుజం శీర్షాన్ని పట్టుకొని లాగితే కోణాలు మారుతున్నా వాటి మొత్తం 180 డిగ్రీలే అన్న సత్యం కంటికి కనబడుతుంది. కొలరాడో విశ్వవిద్యాలయంవారు 2002 నుంచి రూపొందిస్తున్న ఫెట్ ప్రయోగాలలో బల్బు, బ్యాటరీ, తీగ కలిపి విద్యుత్తు ప్రవాహాన్ని చూడవచ్చు. ఇవన్నీ ఉచితమే.

2020లో బడులు మూతపడిన సంగతి ఉపాధ్యాయులు మరువలేదు. ఆ సంవత్సరం సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ప్రసారాల ద్వారా పాఠాలు చెప్పినారు. ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి ద్వారా చెప్పినారు. ఎన్నో ఇండ్లలో ఒకే ఫోను. దానికోసం ఇద్దరు ముగ్గురు పిల్లలు వంతులు వేసుకొన్నారు. అరచేతి వెడల్పు తెరమీద నల్లబల్ల అక్షరాలు వెతుక్కొన్నారు. గోడమీద 43 అంగుళాల తెర ఉండి కూడ అది వారికి వచ్చినది చూపడానికే గాని, అడిగినది చూపడానికి పనికిరాలేదు. తెరకు వినే చెవి, వ్రాసే చెయ్యి ఉంటే ఎంత బాగుండునో ఆనాడు తెలిసింది. ముందుగది కంప్యూటరు ఆ లోటును తీర్చగలదు.

అవసరమున్నదని తేలిన తరువాత ఏ గుణాలు చూచి ఎన్నుకోవాలి? నా దృష్టిలో మొదటి గుణం మౌనం. కొట్టులో కంప్యూటరును చూచేటప్పుడు దాని చప్పుడు మనకు వినబడదు. వీధిరొద దానిని మింగివేస్తుంది. ఇంటికి వచ్చి, రాత్రి తొమ్మిదింటికి దీపాలు తగ్గించి, వీణ కచేరీ పెట్టుకొన్నప్పుడు దాని పంకా మ్రోత తేనెటీగ వలె చెవిలో తిరుగుతుంది. కనుక పంకా లేనిది, లేదా పంకా మెల్లగా తిరిగేది ఎన్నుకోవాలి. చక్రం తిరిగే పాత హార్డ్ డిస్కుకు బదులు కదిలే భాగాలు లేని ఎస్.ఎస్.డి. ఉండాలి. సామాన్యంగా మౌనంగా ఉండేది తక్కువ విద్యుత్తు తినేదే అవుతుంది. 60 వాట్లు తినే పాత పెట్టె రోజుకు 5 గంటలు పనిచేస్తే సంవత్సరానికి సుమారు 110 యూనిట్లు ఖర్చవుతవి. 12 వాట్లతో గడిపే చిన్న పెట్టెకు 22 యూనిట్లు చాలు. ఇంటిలో మూలపడి ఉన్న పాత పెట్టె ఉచితమని సంతోషించేవారు ఈ లెక్క చూచుకోవాలి.

రెండవ గుణం చిత్రాన్ని విప్పే శక్తి. ఇది కొంచెం వివరించవలసిన విషయం. సాధారణ హెచ్.డి. చిత్రంలో అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలుంటవి. అంటే ఒక్క బొమ్మలో 20 లక్షల పైచిలుకు. ఒక్కొక్క చుక్క రంగుకు మూడు బైట్లు, సెకనుకు 24 బొమ్మలు. విద్యార్థులు గుణించి చూస్తే సెకనుకు 14 కోట్ల 90 లక్షల బైట్ల పైన వస్తవి. ఆ లెక్కన గంట సినిమాకు 537 గిగాబైట్లు కావాలి. అంత భారాన్ని ఇంటింటికీ పంపడం, దాచుకోవడం చాల కష్టం. అందువల్ల చిత్రాన్ని మడిచి మడిచి కొద్ది గిగాబైట్లలోనికి కుదిస్తారు. చూచేటప్పుడు యంత్రం ఆ మడతలు విప్పవలె. మడిచే పద్ధతులు కాలంతో మారుతున్నవి. డి.వి.డి.లకు ఎంపెగ్-2, తరువాత 2003లో హెచ్.264, 2013లో హెచ్.265, 2018లో ఏ.వి.1. కొత్త పద్ధతిలో మడత మరింత చిన్నది; విప్పడం మరింత కష్టం.

ఈ విప్పే పనికి ప్రత్యేకించిన భాగం యంత్రంలో ఉంటే పని సునాయాసంగా జరుగుతుంది. లేకపోతే ఆ భారమంతా ప్రధాన యంత్రభాగంమీద పడుతుంది. అవధాని ప్రక్కన అప్రస్తుతప్రసంగి ఒక్కడే ఉండవలసిన చోట నలభైమంది చేరినట్లవుతుంది. పెట్టె వేడెక్కుతుంది, పంకా బుసకొడుతుంది, బొమ్మ ఆగి ఆగి నడుస్తుంది. కనుక ఎన్ని గిగాహెర్ట్జులని అడగడం కంటె ఏ పద్ధతులను స్వయంగా విప్పగలదని అడగడం మంచిది. ఇంటెల్ యంత్రాలలో 7వ తరం నుంచి హెచ్.265ను 10 బిట్ల రంగులతో సహా విప్పే భాగమున్నది, ఏ.వి.1ను విప్పే భాగం 11వ తరంతో వచ్చింది. 2019లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 4 హెచ్.265ను విప్పగలదు, ఏ.వి.1కు దానిలో ప్రత్యేక భాగం లేదు.

ఈ రాస్ప్‌బెర్రీ పై గురించి ఉపాధ్యాయులు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. బడిపిల్లలకు కంప్యూటరు విద్య నేర్పాలన్న సంకల్పంతో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో కొందరు విద్యావంతులు ఒక ధర్మసంస్థ స్థాపించి, 2012లో దీనిని వెలువరించినారు. పేకముక్కంత పలక. బడికోసం పుట్టిన ఆ పలకను లోకం ముందుగదిలో సినిమాలకు వాడుకొన్నది. బడిదీ ముందుగదిదీ దారులు వేరు కావని ఇంతకంటె నిదర్శనం ఏమి కావాలి? సాయంత్రం సినిమా చూపే ఆ పలకతోనే పగలు పిల్లవాడు దీపం వెలిగించి ఆర్పే కార్యక్రమం వ్రాసుకోవచ్చు.

మూడవ గుణం సత్యం. చిత్రాన్ని ఉన్నది ఉన్నట్లుగా చూపడం. ఈ విషయంలో మన పాత సినిమాలకు జరుగుతున్న అపచారం అంతా ఇంతా కాదు. 1957 నాటి 'మాయాబజార్' వంటి చిత్రాలను తీసినప్పుడు తెర దాదాపు చదరానికి దగ్గరగా ఉండేది. ఎత్తు మూడు పాళ్ళయితే వెడల్పు నాలుగు పాళ్ళకు కొంచెం పైన. 1974లో 'అల్లూరి సీతారామరాజు'తో తెలుగు సినిమాకు సినిమాస్కోపు వచ్చింది. నేటి టెలివిజను తెర ఎత్తు 9 పాళ్ళు, వెడల్పు 16 పాళ్ళు. తెర ప్రక్కల ఖాళీ ఉంటే డబ్బు వృథా అయినదనుకొని చాలమంది బొమ్మను సాగదీసి తెరనిండా పరుస్తారు. అప్పుడు ప్రతి ముఖమూ సుమారు మూడవవంతు లావెక్కుతుంది. సావిత్రిగారి ముఖం అట్లా ఉండేదని మన పిల్లలు అనుకొంటే ఆ తప్పు వారిది కాదు. ప్రక్కల నల్లని పట్టీలు విడిచి, నాటి చిత్రాన్ని నాటి కొలతలతో చూపే సౌకర్యం ఈ కంప్యూటరులో ఒక్క మీటతో లభిస్తుంది. ఛందస్సు తెలిసినవాడు పాదంలో ఖాళీ ఉన్నదని ఒక గణం అదనంగా చేర్చడు కదా!

నడకలో కూడ సత్యముండాలి. సినిమా సెకనుకు 24 బొమ్మలు. టెలివిజను సామాన్యంగా సెకనుకు 60 సార్లు తెరను నింపుతుంది. 60ని 24తో భాగిస్తే రెండున్నర. బొమ్మను రెండున్నరసార్లు చూపడం వీలుకాదు కనుక ఒక బొమ్మను రెండుసార్లు, తరువాతి బొమ్మను మూడుసార్లు చూపుతారు. కెమెరా మెల్లగా ఒక ప్రక్కనుంచి మరొక ప్రక్కకు తిరిగే దృశ్యాలలో అందువల్ల చిన్న కుదుపు కనబడుతుంది. కోడి వంటి కార్యక్రమంలో ఒక్క అమరిక మార్చితే, టెలివిజను అంగీకరించిన పక్షంలో, తెర కూడ 24 లెక్కకే దిగివస్తుంది, కుదుపు పోతుంది.

ఇక 4కె అన్న మాట. కొట్టులో మొదట వినిపించే మంత్రం ఇదే. చుక్కలు నాలుగు రెట్లు. ధర కూడ అందుకు తగినట్లుగానే. కాని కంటికి ఒక హద్దున్నది. ఆరోగ్యవంతమైన కన్ను కోణంలో ఒక నిమిషంకంటె, అంటే డిగ్రీలో 60వ వంతుకంటె చిన్న భేదాన్ని సామాన్యంగా గుర్తించలేదు. ఈ లెక్కన 43 అంగుళాల తెరను సుమారు ఐదున్నర అడుగులకు ఆవల, 55 అంగుళాల తెరను సుమారు ఏడు అడుగులకు ఆవల కూర్చుని చూచేవారికి సాధారణ హెచ్.డి. చుక్కలే విడివిడిగా కనబడవు. మన ముందుగదులలో కుర్చీకీ గోడకూ ఎనిమిది తొమ్మిది అడుగుల దూరమున్నప్పుడు 4కె కోసం అధికంగా వెచ్చించిన సొమ్ము చాలవరకు కంటికి అందదు. ఆ సొమ్ముతో మంచి స్పీకర్లు కొనడం ఉత్తమం. పలుచని టెలివిజన్లలో శబ్దానికి చోటు లేదు; మాట స్పష్టంగా వినబడదు. మన నాటకం, మన సినిమా, మన పద్యం అన్నీ మాటమీద ఆధారపడినవి. బొమ్మలో లోపాన్ని కన్ను క్షమిస్తుంది గాని, మాట మింగిన నటుణ్ణి చెవి క్షమించదు.

నాలుగవ గుణం సౌలభ్యం. ఈ గుణానికి పరీక్షాధికారి ఇంటిలోని అమ్మమ్మ. కళ్ళజోడు సవరించుకొని, ఎవరినీ పిలువకుండా, తనకు కావలసిన పురాణప్రవచనాన్ని ఆమె పెట్టుకోగలిగితే ఆ యంత్రం ఉత్తీర్ణమైనట్లే. టెలివిజను రిమోటుతోనే కంప్యూటరు కూడ నడిచే ఏర్పాటున్నదో లేదో అడిగి తెలుసుకోవాలి. మరొక చిన్న పరీక్ష కూడ చెబుతాను. ఒక ఫైలుకు 'స్త్రీ', 'రాష్ట్రం', 'జ్యోత్స్న' వంటి పేర్లు పెట్టి తెరమీద చూడండి. వత్తులు తమ చోట తాము కూర్చుంటే మంచిది. విడిపోయి వరుసగా నిలబడితే ఆ కార్యక్రమానికి మన భాష రాదన్నమాట; దానిని సరిదిద్దగలరా అని అడగాలి, లేకపోతే వేరొకటి చూచుకోవాలి. తన పేరును తప్పుగా వ్రాసే యంత్రాన్ని చూచి పిల్లవాడు తన భాషనే లోపభూయిష్ఠమని భావించే ప్రమాదమున్నది.

కొత్తదే కొనవలెనన్న నియమం లేదు. కార్యాలయాలలో మూడు నాలుగేండ్లు వాడి తీసివేసిన చిన్న కంప్యూటర్లు—డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ, హెచ్.పి. ఎలైట్‌డెస్క్ మినీ వంటివి—బాగుచేసి అమ్ముతున్నారు. లావుపాటి నిఘంటువు ఎంత ఉంటుందో అంతే ఉంటవి. పంకా ఉన్నా తేలికపనులకు మెల్లగానే తిరుగుతుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్టు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్ యంత్రాలలో సామాన్యంగా 8వ తరమో, ఆపైదో ఉండాలి. అందువల్ల 7వ తరం యంత్రాలు మారకంలో విలువ కోల్పోయినవి. కాని లైనక్సుకు అట్టి నిషేధం లేదు. ఒక సంస్థ పనికిరాదని తోసివేసిన యంత్రం మరొక పద్ధతిలో మరికొన్ని సంవత్సరాలు హాయిగా సేవ చేస్తుంది. మితవ్యయం తెలిసిన ఉపాధ్యాయునికి ఇది మంచి అవకాశం.

దీనికి వచ్చే ఆక్షేపణలు కూడ విచారించాలి. ఇంటిలో తెరలు ఇప్పటికే ఎక్కువైనవి, మరొకటి ఎందుకు అన్నది మొదటిది. ఈ ఆక్షేపణలో న్యాయమున్నది. కాని ఇది కొత్త తెర కాదు; ఉన్న తెరకే బుద్ధి చెప్పడం. నేడు ఇంటిలో నలుగురుంటే నాలుగు ఫోనులమీద, నాలుగు మూలల, నాలుగు లోకాలలో ఉంటున్నారు. తలుపు వేసుకొన్న గదిలో పిల్లవాడు ఏమి చూస్తున్నాడో తల్లికి తెలియదు. తల్లి ఏమి చూచి నవ్వుతున్నదో పిల్లవానికి తెలియదు. ముందుగది తెరమీద చూచేది పదిమంది కంటబడుతుంది. పదిమంది చూచినదాన్ని గురించి పదిమంది మాట్లాడుకొంటారు. పిల్లలకు నిషేధాల కంటె ఈ బహిరంగత మేలైన కాపుదల.

రెండవ ఆక్షేపణ మరింత గంభీరమైనది. ఇటువంటి పెట్టె ఇంటికి వస్తే దొంగసినిమాలకు ద్వారం తెరిచినట్లే కదా అంటారు. చాల ఇండ్లలో అట్లా జరుగుతున్న మాట నిజమే. ఉపాధ్యాయుని ఇంటిలో అది జరుగరాదు. పరీక్షలో కాపీకొట్టవద్దని పగలు చెప్పి, రాత్రి ఎవరో కాపీకొట్టిన సినిమా పిల్లల ప్రక్కన కూర్చుని చూచేవాని మాటకు విలువ ఉండదు. దొంగతనం లేకుండానే ఈ పెట్టెను నింపుకోవచ్చు. మన చట్టం ప్రకారం సినిమాపై హక్కు విడుదలైన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏండ్లు. రచయిత గ్రంథంపై హక్కు ఆయన గతించిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏండ్లు. సినిమాలోని పాటకు, కథకు వేరే హక్కులుండవచ్చును గనుక జాగ్రత్త అవసరమే. అయినా గడువుతీరిన వాఙ్మయం, రచయితలు స్వయంగా పదిమందికి విడిచిపెట్టిన రచనలు, డబ్బిచ్చి కొన్న డిస్కులు, మన ఇంటి సంపద ఇవన్నీ కలిస్తే ఒక జీవితకాలానికి చాలవా?

మూడవది శ్రమ. పుల్లను గుచ్చితే అయిదు నిమిషాలలో బొమ్మ వస్తుంది. ఈ కంప్యూటరును అమర్చడానికి రెండు ఆదివారాలు పడుతుంది. నిజమే. డిస్కు ఏనాటికైనా చెడిపోతుంది గనుక ప్రతిదానికీ రెండవ ప్రతి వేరొక డిస్కులో దాచవలె, అదీ శ్రమే. కాని ఆ రెండు ఆదివారాలలో తొమ్మిదవ తరగతి పిల్లవాడు నేర్చుకొనే విషయాలు అల్పమైనవి కావు. తీగ దేనికో, డిస్కు ఏమిటో, కార్యక్రమం ఎట్లా నడుస్తుందో, తప్పు వచ్చినప్పుడు కంగారుపడక దాని కారణాన్ని ఎట్లా వెదకవలెనో చేతులతో నేర్చుకొంటాడు. పని కానప్పుడు విసుగుకొనక మళ్ళీ మొదటినుంచి చూచుకోవడం కూడ నేర్చుకొంటాడు. బీరువా కొని తెచ్చుకొన్నవానికంటె బీరువాలో పుస్తకాలు సర్దుకొన్నవానికి ఏ పుస్తకం ఎక్కడున్నదో బాగా తెలుస్తుంది.

కనుక నా సలహా ఇది. చందా సినిమాలు తప్ప మరేమీ అక్కరలేనివారు ఈ కంప్యూటరు జోలికి పోవద్దు. పుల్లతో తృప్తిపడడం మంచిది. ఇంటి జ్ఞాపకాలను కాపాడుకోవాలన్నవారు, పెద్ద తెరమీద పిల్లలతో కలసి చదవాలన్నవారు, తమ ఇంటిలోని యంత్రం తమ మాట వినాలన్నవారు తప్పక దీనిని గురించి ఆలోచించాలి. మౌనంగా ఉండేది, కొత్త మడతలు విప్పగలిగినది, చిత్రాన్ని వికృతం చేయనిది, అమ్మమ్మకు లొంగేది, తెలుగు తప్పులేకుండా వ్రాసేది ఎన్నుకోవాలి. అతివేగం, అతిస్పష్టత, రంగురంగుల దీపాలు, ఇవి అంగడివారి ఆకర్షణలు.

రేడియో వచ్చినప్పుడు పుస్తకాలు పోతవని భయపడినారు. టెలివిజను వచ్చినప్పుడు సంభాషణ పోతుందని భయపడినారు. మొదటి భయం వట్టిదే అయినది, రెండవది కొంతవరకు నిజమైనది. తేడా యంత్రంలో లేదు; దాని ముందు మనం మాట్లాడుకొన్నామా, ఊరకున్నామా అన్నదానిలోనే ఉన్నది. ఏ పెట్టె కొన్నా దానిని ఆపివేసే మీట ఎక్కడున్నదో ముందుగా పిల్లలకు చూపడం మంచిది. సినిమా ముగిసిన తరువాత ఆ మీట నొక్కి, కుర్చీలు కొంచెం ఎదురెదురుగా తిప్పుకొని, చూచినదాన్ని గురించి నాలుగు మాటలు చెప్పుకొనే ఇంటిలో ఏ కంప్యూటరైనా మంచి కంప్యూటరే.